సోమవారం ఓపీ రద్దీలో స్టూడెంట్లకి చర్మ వ్యాధులు నేర్పేదెట్లా?

పెన్నా_ఒడ్డు
సోమవారం ఓపీ అంటే వందకి తగ్గరు. ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి తొలి బస్సుకే వచ్చి చీటీ రాయించుకుని కూర్చుంటారు. కుర్చీ వెనకాల ముగ్గురు పీజీలు, ఏడెనిమిది మంది ఎంబీబీఎస్ పిల్లలు. పేషెంటుని చూడటం, మందు రాయడం, మధ్యలో "ఇది లైకెన్ ప్లేనస్, చూడండమ్మా" అనడం, వాళ్ళు తలూపి ఫోన్‌లో రాసుకోవడం. ఇదే జరగతా ఉంది. పోస్టింగ్ అయ్యేసరికి జబ్బుల పేర్లు వస్తాయి గానీ, ఒక మచ్చ చూపించి వర్ణించమంటే నోరు పెగలదు. గుండ్రంగా కనపడిందల్లా తామరే (ఫంగస్ మచ్చ). ఫ్యాకల్టీ ట్రైనింగుల్లో చెప్పే పద్ధతులన్నీ ఖాళీ వార్డుకి సరిపోతాయి. ఓపీ ఆగకుండా నేర్పే దారి ఎవరన్నా చెప్పండి. సిద్ధాంతం వద్దు, రేపు పొద్దున చేయగలిగింది కావాలి.

గుండ్లకమ్మ
వందమంది దగ్గరా నేర్పాలనుకుంటే ఎవరికీ ఏమీ రాదు. పూటకి ఇద్దరు ముగ్గురు పేషెంట్లని ఎంచుకోండి, మిగతావాళ్ళకి వైద్యం మాత్రమే. ఎంచుకునే పని సీనియర్ పీజీది. బయట వరసలో ఒకసారి నడిచి, ఇంకా క్రీమ్ పూయని, గోక్కుని పుండు చేసుకోని, మచ్చ స్పష్టంగా ఉన్న మనిషిని పట్టుకోవాలి. ఆ పేషెంటుని పక్క గదిలో ఇద్దరు స్టూడెంట్లకి అప్పగించండి. మీరు ఈలోపు ఆరేడుగురిని చూసేస్తారు. వాళ్ళు తయారయ్యాక ఐదు నిమిషాలు మీవి. ఓపీ ఆగదు.

సింగరాయకొండ_పీజీ
పక్క గది అనేది ఉంటే గదా సార్.

గుండ్లకమ్మ
@సింగరాయకొండ_పీజీ గది లేకపోతే కిటికీ పక్కన ఒక స్టూలు, ఒక తెర. నిజానికి కిటికీ పక్కనే మేలు. ట్యూబ్‌లైట్ కింద మన చర్మం మీద ఎరుపు సరిగా కనపడదు.

స్లైడ్_స్టెయిన్
ఆ వెలుతురు మాట దగ్గర కాస్త ఆగాలి. పిల్లలు చదివే పుస్తకాల్లో ఫొటోలు చాలావరకు తెల్ల చర్మానివి. అక్కడ సోరియాసిస్ గులాబీ రంగులో ఉంటుంది. ఇక్కడ ఎండలో పనిచేసే మనిషి మోచేతి మీద అదే సోరియాసిస్ ఊదాగానో, ముదురు గోధుమగానో, పైన బూడిద రంగు పొలుసుతోనో ఉంటుంది. "ఎరిథీమా (చర్మం ఎర్రబడటం) ఉందా" అని అడిగితే లేదంటారు. అడగాల్సిన ప్రశ్న: "పక్కనున్న మామూలు చర్మంతో పోల్చితే రంగు ఎట్లా మారింది? వేడిగా ఉందా? గాజు పలకతో నొక్కితే తగ్గిందా?" గాజు స్లైడుతో నొక్కడం ప్రతి స్టూడెంటూ చేతులారా చేయాలి. నొక్కితే పాలిపోయింది రక్తనాళాలు వెడల్పయిన ఎరుపు, పాలిపోనిది చర్మంలోకి చిమ్మిన రక్తం. ఒక్క స్లైడు ఖర్చు, పర్‌ప్యూరా (ఆ రక్తపు మచ్చ) జన్మలో మరిచిపోరు.
మచ్చ ఎత్తుగా ఉందా, చదునుగా ఉందా అన్న వాదన వచ్చినప్పుడు టార్చి పక్క నుంచి వేయించండి. నీడ పడితే ఎత్తు.

కావలి_మేడమ్
వర్ణనకి ఒక వరస పెట్టి, వరస తప్పితే మళ్ళీ మొదటినుంచి చెప్పించండి. ఎక్కడ, ఎట్లా పరుచుకుంది, మొదటి మచ్చ ఏ జాతి (మాక్యూల్ అంటే చదును మచ్చ, పాప్యూల్ చిన్న ఎత్తు, ప్లాక్ వెడల్పాటి ఎత్తు, వెసికిల్ చిన్న నీటి పొక్కు, బుల్లా పెద్ద బొబ్బ, నాడ్యూల్ లోతైన గడ్డ, వీల్ దద్దురు), రంగు, అంచు, పైభాగం, తాకితే ఎట్లుంది. ఆ తర్వాత మాడు, గోళ్ళు, నోరు. జబ్బు పేరు అప్పుడే చెప్పనివ్వకూడదు. పేరు ముందే వచ్చేస్తే కళ్ళు మూతబడతాయి, దానికి సరిపడేవే కనపడతాయి.

చీమకుర్తి_రాయి
@కావలి_మేడమ్ గారితో ఇక్కడ ఏకీభవించను. మనమెవరం అట్లా చూడం. తలుపులోంచి నడిచొస్తుంటేనే జోస్టర్ (సర్పి) అని తెలిసిపోతుంది. 1991లో కెనడా వాళ్ళు చర్మం ఫొటోల మీద చేసిన పరిశోధనలోనే తేలింది, ఇదివరకు చూసినదానికి పోలిక ఉంటే డాక్టర్లు దాన్ని తేలిగ్గా పట్టేస్తారని. స్టూడెంటుకి కావాల్సింది ఎక్కువ చూడటం. రోజుకి ఒకే మనిషి దగ్గర అరగంట వర్ణన చెప్పిస్తే ఆ చూపు ఎప్పటికి వస్తుంది?

కావలి_మేడమ్
@చీమకుర్తి_రాయి పోలికతో పట్టేయడం నిజమే, పోలికే దారి తప్పిస్తుంది కూడా. స్టెరాయిడ్ కలిసిన క్రీము పూసుకొచ్చిన తామర తామరలాగా ఉండదు. అంచు చెదిరిపోయి, పొలుసు పోయి, ఎగ్జిమాలాగా కనపడుతుంది. వర్ణన రాని మనిషి అక్కడ ఏం పట్టుకుని నడుస్తాడు?

గుండ్లకమ్మ
రెండూ కలపొచ్చు. మొదటి పది సెకన్లు "చూడగానే ఏమనిపించింది, ఒక్క మాట" అని కాగితం మీద రాయించండి. తర్వాత వరసగా వర్ణన. చివర "మొదట రాసింది నిలబడిందా, ఏది చూసి?" పాతికమందిని పది సెకన్ల లెక్కన చూపించండి, ఇద్దరి దగ్గర మాత్రం వర్ణన చెప్పించండి. చూపూ వస్తుంది, మాటా వస్తుంది.

పెన్నా_ఒడ్డు
ఇది రేపే చేయొచ్చు. ఐదు నిమిషాలు నావి అన్నారు గదా, ఆ ఐదు నిమిషాల్లో ఏం మాట్లాడాలి? నేను నోరు తెరిస్తే లెక్చర్ అవతా ఉంది.

పొదలకూరు_నిమ్మ
1992లో ఫ్యామిలీ మెడిసిన్ వాళ్ళు రాసిన ఐదు మెట్ల పద్ధతి ఉంది, వన్ మినిట్ ప్రిసెప్టర్ అంటారు. ఒక నిమిషం అనేది పేరుకే, ఐదు పడుతుంది. మన దగ్గరి కేసుతో చెప్తా.
గూడూరు నిమ్మకాయల మార్కెట్లో పనిచేసే అమ్మాయి. రెండు చేతుల వెనక, ముంజేతి మీద ముదురు గోధుమ రంగు గీతలు, జారిన చుక్కల్లాంటి మచ్చలు. మొదట రెండు రోజులు మంటగా ఉండి తర్వాత నల్లబడ్డాయి.
ఒకటి: "నీకేమనిపిస్తుంది? ఒక్కటి చెప్పి దానికి కట్టుబడు." స్టూడెంటు "కాంటాక్ట్ డెర్మటైటిస్" (ఏదో తగిలి చర్మం రేగడం) అంటాడు. వెంటనే సరి, తప్పు అనకూడదు. ఇక్కడే అందరం నోరు జారతాం.
రెండు: "ఏం చూసి అన్నావు? ఇంకేం కావొచ్చు, ఎందుకు కాదనుకున్నావు?" వాడు "బట్ట కప్పిన చోట లేదు, దురద లేదు" అంటాడు.
మూడు: ఒకే ఒక్క సూత్రం. "తిన్నని గీతలు, జారినట్టుండే ఆకారాలు కనపడితే బయటినుంచి పడిందని అనుకో. నిమ్మరసంలో ఫ్యూరోకౌమరిన్లనే రసాయనాలు ఉంటాయి, వాటి మీద ఎండలోని యూవీఏ కిరణాలు పడితే చర్మం కాలుతుంది. దురద కన్నా మంట ఎక్కువ. నలుపు వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది." ఇంతే. ఫోటోడెర్మటోసిస్‌లన్నీ (ఎండ వల్ల వచ్చే చర్మ జబ్బులు) ఏకరువు పెట్టొద్దు.
నాలుగు: బాగా చేసింది విడమరిచి చెప్పాలి. "గుడ్" అంటే ఏమీ చెప్పనట్టే. "చొక్కా చెయ్యి పైకి మడిచి కప్పిన చోటు చూశావు, దానివల్లే సగం తేలింది" అనాలి.
ఐదు: లోటు. "ఏం పని చేస్తారని నువ్వు అడగలేదు. చేతుల మీద మచ్చ వస్తే పని అడగందే కదలొద్దు."

మైపాడు
బాగుంది. రొయ్యల చెరువుల వాళ్ళకీ ఇదే. చేతి మీద గడ్డ, పైకి ముంజేతి వెంబడి వరసగా ఇంకో రెండు గడ్డలు, వారాలుగా మానట్లేదు అంటే స్టూడెంటు సెగగడ్డలని డాక్సీసైక్లిన్ రాసి పంపిస్తాడు. "నీళ్ళలో పనా? ముల్లు గుచ్చుకుందా? రొయ్య కొమ్ము గీరుకుందా?" అని అడగటం నేర్పాలి. మైకోబాక్టీరియం మెరైనమ్ (నీళ్ళలో ఉండే ఒక బ్యాక్టీరియా) అనుకుంటే బయాప్సీతో పాటు కల్చర్‌కి, అంటే ల్యాబులో క్రిమిని పెంచి చూడటానికి, విడిగా ముక్క పంపాలి. ల్యాబుకి "30 నుంచి 32 డిగ్రీల దగ్గర కూడా పెట్టండి" అని రాయాలి, 37 దగ్గర అది సరిగా పెరగదు. ఫారం నింపడం కూడా పాఠమే. స్పోరోట్రైకోసిస్ (ఒక ఫంగస్ జబ్బు) కూడా ఇట్లాగే వరస కడుతుంది కాబట్టి ఫంగల్ కల్చర్ కూడా అడిగించండి.

చీమకుర్తి_రాయి
పీజీలకి ఐదు మెట్లు చాలవు. వాళ్ళ చేతే నడిపించాలి. స్నాప్స్ అని 2003లో వచ్చిన పద్ధతి: కేసు క్లుప్తంగా చెప్పడం, రెండు మూడు జబ్బులకి కుదించడం, వాటిని పోల్చడం, తెలియంది గురువునే అడగడం, ప్లాన్ చెప్పడం, చదవాల్సింది ఒకటి ఎంచుకోవడం. నాలుగోది ముఖ్యం. "నాకు ఇక్కడ అనుమానంగా ఉంది సార్" అని పీజీ నోటితో అనిపించగలిగితే సగం పని అయినట్టే. మన దగ్గర అనుమానం బయటపెడితే తిడతారన్న భయంతో దాచేస్తారు.

సింగరాయకొండ_పీజీ
అది మాత్రం నిజం. పేషెంటు ముందు "ఇది కూడా తెలీదా" అంటే ఆ రోజు ఇంక ఎవరూ నోరు తెరవరు.

కావలి_మేడమ్
మెచ్చుకోలు పేషెంటు ముందు చెప్పొచ్చు. తప్పు మాత్రం పేషెంటు వెళ్ళాక, అదే రోజు, వాడొక్కడితోనే. కానీ పేషెంటుకి హాని జరిగే తప్పయితే అక్కడే ఆపాలి, "నేను చేసి చూపిస్తా, చూడు" అని చెయ్యి తీసుకోవాలి.
ఇంకొకటి. కుష్టు, క్యాన్సర్, సిఫిలిస్ లాంటి మాటలు పేషెంటు మంచం దగ్గర గాల్లో విసరొద్దు. ఇంగ్లీషులో చెప్పినా "లెప్రసీ" మన ఊళ్ళల్లో అందరికీ అర్థమవుతుంది. డిఫరెన్షియల్ (ఏయే జబ్బులు కావొచ్చన్న) చర్చ తెర అవతల పెట్టుకోండి. పేషెంటుని ముందే అడగండి: "పిల్లలు నేర్చుకోవాలమ్మా, మీ చెయ్యి చూస్తారు, ఓ పది నిమిషాలు పడుతుంది, సరేనా? కాదన్నా మందులో తేడా ఉండదు." ఒప్పుకున్నవాళ్ళ మందుల చీటీ ముందు ఇప్పించి పంపండి, పామూరు బస్సు పోతే మళ్ళీ దొరకదు వాళ్ళకి.

పెన్నా_ఒడ్డు
కుష్టు మాట వచ్చింది కాబట్టి అడుగుతా. నరాలు తడిమి చూడటం, స్పర్శ చూడటం వీళ్ళకి అస్సలు రావట్లేదు. చేసి చూపిస్తే తలూపుతారు, తర్వాత వాళ్ళు చేస్తే తప్పే.

ఉదయగిరి_కొండ
చూపించడం చాలదు, వాళ్ళు చేస్తుంటే మీరు చూడాలి. స్పర్శ పరీక్షలో తప్పు దాదాపు ఎప్పుడూ ఒకచోటే. "తెలుస్తా ఉందా? ఇప్పుడు? ఇప్పుడు?" అని అడగతా పోతారు. పేషెంటు మర్యాదకి ప్రతిసారీ తెలుస్తుందంటాడు. సరైన వరస ఇది. ముందు కళ్ళు తెరిచి ఉండగా మామూలు చర్మం మీద దూది కొనతో తాకి, "తాకిన చోట వేలు పెట్టి చూపించు" అని అర్థం చేయించాలి. తర్వాత కళ్ళు మూయించాలి. దూదిని ఈడ్చకూడదు, చుక్కలా తాకి తీయాలి. మచ్చ మీద ఒకటి, బయట ఒకటి, వరస పెట్టకుండా. మధ్యలో తాకకుండా ఊరుకోవాలి, అప్పుడూ వేలు పెడితే పరీక్ష మళ్ళీ మొదలుపెట్టాలి. మాట అసలు మాట్లాడకూడదు. స్టూడెంట్లని ఒకరి మీద ఒకరిని చేయించి తర్వాతే పేషెంటు దగ్గరికి పంపండి.
ముఖం మీద మచ్చలో స్పర్శ పోకపోవచ్చు. ఇది చెప్పకపోతే "స్పర్శ ఉంది కాబట్టి కుష్టు కాదు" అని తేల్చేస్తారు.
నరాలకి: అల్నార్ నరానికి మోచెయ్యి కొద్దిగా మడిచి, లోపలి ఎముక గుబ్బకి పైన, రెండు మూడు వేళ్ళ మెత్తలతో. గోరు తగలకూడదు. కామన్ పెరోనియల్ ఫిబ్యులా మెడ చుట్టూ, పోస్టీరియర్ టిబియల్ లోపలి చీలమండ వెనక కిందగా, గ్రేటర్ ఆరిక్యులార్ తల పక్కకి తిప్పించి మెడ మీద. రెండు పక్కలా పోల్చాలి. తడిమేటప్పుడు కళ్ళు వేళ్ళ మీద కాదు, పేషెంటు ముఖం మీద ఉండాలి, నొప్పి అక్కడ తెలుస్తుంది. మీ వేలు నరం మీద పెట్టి, దాని పక్కనే స్టూడెంటు వేలు పెట్టించి, ఇద్దరూ కలిసి దొర్లించండి. ఈ ఒక్క పనికి పుస్తకం పనికిరాదు.

స్లైడ్_స్టెయిన్
స్లిట్ స్కిన్ స్మియర్ (కుష్టు క్రిమి కోసం చర్మం కోసి గీకి చూసే పరీక్ష) కూడా ఇట్లాగే పాడవుతుంది. మడత గట్టిగా పట్టకపోతే రక్తం వస్తుంది, రక్తం కలిస్తే స్లైడు పనికిరాదు. చర్మం తెల్లబడేదాకా వేళ్ళతో నొక్కి పట్టాలి, కోత పూర్తయ్యేదాకా వదలకూడదు. 15 నంబరు బ్లేడుతో 5 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల లోతు. బ్లేడుని అడ్డంగా తిప్పి కోత గోడని రెండు మూడుసార్లు గీకి, వచ్చిన గుజ్జుని స్లైడు మీద చిన్న వలయంగా పూయాలి. చేతిపనులకి పేటన్ నాలుగు మెట్లు బాగుంటాయి: మీరు మాట్లాడకుండా మామూలు వేగంతో చేయండి, మళ్ళీ విడమరిచి చెప్తూ చేయండి, మూడోసారి వాడు చెప్తుంటే మీరు చేయండి, నాలుగోసారి వాడే చెప్తూ చేయాలి. మూడో మెట్టు అందరూ ఎగ్గొడతారు. వాడి బుర్రలో ఏ మెట్టు లేదో తెలిసేది అక్కడే.

మైపాడు
కేఓహెచ్ (గీకిన పొలుసులో ఫంగస్ వెతికే పరీక్ష) గురించి కూడా రాయండి. పీజీలు సగం స్లైడ్లు నెగటివ్ అంటారు.

స్లైడ్_స్టెయిన్
నెగటివ్ రావడానికి కారణాలు: మచ్చ మధ్యలో గీకడం (అంచు గీకాలి), స్పిరిట్‌తో తుడవకుండా క్రీము మీదే గీకడం, పొలుసు చాలకపోవడం, తొందర. చర్మానికి 10 శాతం కేఓహెచ్, పది పదిహేను నిమిషాలు ఆగాలి. గోరుకి 20 నుంచి 40 శాతం, కొన్ని గంటలు, ఒక్కోసారి రాత్రంతా. దీపం మీద మరిగిస్తే స్ఫటికాలు కట్టి ఏమీ కనపడదు, గోరువెచ్చగా చాలు. మైక్రోస్కోపు కండెన్సర్ దించి, వెలుతురు తగ్గించి, ముందు 10ఎక్స్, తర్వాత 40. కండెన్సర్ పైకే ఉంచి వెతికితే హైఫాలు (ఫంగస్ పోగులు) వెలుతురులో కరిగిపోతాయి.
పాజిటివ్ అని పొరబడేవి: కణాల అంచులు వలలాగా కలిసి కనపడే మొజాయిక్, దూది పోగులు, గాలి బుడగలు. హైఫా కణాల అంచులు దాటుకుని పోతుంది, వెడల్పు ఒకేలా ఉంటుంది, కొమ్మలు వేస్తుంది. నేర్పేటప్పుడు పాజిటివ్ స్లైడు ఒక్కటే చూపించొద్దు. మామూలు చర్మం గీకిన స్లైడు పక్కన పెట్టి "ఇందులో ఉందా" అని అడగండి. లేనిదాన్ని లేదనడం వచ్చినప్పుడే వచ్చినట్టు.

గుండ్లకమ్మ
ఈ "లేనిది పక్కన పెట్టడం" మచ్చలకీ వర్తిస్తుంది. గుండ్రటి మచ్చలన్నీ తామరే అని మొదట్లో రాశారు గదా @పెన్నా_ఒడ్డు. ఒక జబ్బు పాఠం ఒక రోజు చెప్తే అదే జరుగుతుంది. ఒకే పూట నాలుగు వలయాలు పక్కపక్కన పెట్టండి, పేషెంటు దొరక్కపోతే ఫొటో. తామర: అంచున పొలుసు, దురద. ట్యూబర్‌క్యులాయిడ్ కుష్టు: రంగు తగ్గి, పొడిగా, చెమట పట్టకుండా, స్పర్శ లేకుండా. గ్రాన్యులోమా యాన్యులారె: పొలుసే ఉండదు, అంచు గట్టి పూసల్లాగా. పిట్రియాసిస్ రోజియా తల్లి మచ్చ: పొలుసు అంచుకి లోపలివైపు కాలర్‌లా. నాలుగింటికీ ఒకే మూడు ప్రశ్నలు: పొలుసు ఎక్కడుంది, మధ్యలో స్పర్శ ఉందా, గీకితే ఏమొచ్చింది.

ఇంటర్న్_ఒంగోలు
వైద్యం రాయడం కూడా నేర్పండి ప్లీజ్. "రోజుకి రెండుసార్లు పూయాలి" అని రాసేస్తాం, ఎంత పూయాలో మాకే తెలీదు.

కావలి_మేడమ్
@ఇంటర్న్_ఒంగోలు మంచి ప్రశ్న. ట్యూబు మూతి 5 మిల్లీమీటర్లుంటే, పెద్దవాళ్ళ చూపుడువేలు కొన నుంచి మొదటి గీత దాకా పిండిన క్రీము సుమారు అర గ్రాము. అది వేళ్ళతో కలిపి రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. ఒక చెయ్యికి మూడు, ఒక కాలుకి ఆరు, పాదానికి రెండు, ముఖం మెడ కలిపి రెండున్నర, ఛాతీ పొట్ట ఏడు, వీపు పిరుదులు ఏడు. ఇప్పుడు లెక్క వేయించండి: ఒక కాలంతా రోజుకి రెండుసార్లు అంటే 6 గ్రాములు. 15 గ్రాముల ట్యూబు మూడో రోజుకి ఖాళీ. పేషెంటు "పూశాను, తగ్గలేదు" అంటే ముందు ఎన్ని ట్యూబులు అయిపోయాయో అడగమనండి. మందుల షాపులో కొన్న పాత ట్యూబులు, ఖాళీ పెట్టెలు కూడా తెప్పించి, వెనకాల రాసినవి స్టూడెంటు చేతే చదివించండి. క్లోబెటసాల్ (బలమైన స్టెరాయిడ్) ఎన్ని పేర్లతో ఇళ్ళల్లో ఉందో అప్పుడు తెలుస్తుంది.
చెప్పే విధానం కూడా చూడాలి. గజ్జికి పర్మెత్రిన్ 5 శాతం ఎట్లా పూయాలో స్టూడెంటు తెలుగులో పేషెంటుకి చెప్పాలి, మీరు పక్కన నిలబడి వినాలి. మెడ నుంచి అరికాళ్ళ దాకా, వేళ్ళ సందులు, బొడ్డు, గోళ్ళ కింద, దురద లేని చోట కూడా. రాత్రి పూసి 8 నుంచి 12 గంటలు ఉంచాలి. మధ్యలో చేతులు కడిగితే మళ్ళీ పూయాలి. ఇంట్లో అందరూ ఒకేరోజు, వారం తర్వాత మళ్ళీ. మందు పనిచేసినా దురద రెండు మూడు వారాలు ఉండొచ్చని చెప్పకపోతే వాళ్ళు రోజూ పూసి చర్మం మండించుకుంటారు. చివర పేషెంటుతోనే "ఎట్లా పూస్తారో చెప్పండమ్మా" అని చెప్పించాలి. అక్కడ తప్పు వస్తే అది స్టూడెంటు చెప్పిన తీరులో లోటు.

చీమకుర్తి_రాయి
ఇవన్నీ రాసి పెడితే ఒక ఫీడ్‌బ్యాక్ కార్డు అవుతుంది. మినీ సీఎక్స్ అంటే భయపడక్కర్లేదు. పది పదిహేను నిమిషాలు స్టూడెంటు పేషెంటుతో పనిచేస్తుంటే చూడటం, ఐదు నిమిషాలు చెప్పడం, అంతే. కానీ మార్కు కన్నా కింద రాసే ఆ రెండు వాక్యాలు ముఖ్యం. అందరికీ "సంతృప్తికరం" అని రాసి సంతకం పెడితే లాగ్‌బుక్ నిండుతుంది, మనిషి నేర్చుకోడు.

సింగరాయకొండ_పీజీ
ఫొటోల సంగతి? బ్యాచ్ గ్రూపులో రోజూ పెడతాం, చదువుకోడానికి బాగా పనికొస్తాయి.

గుండ్లకమ్మ
సంతకంతో అనుమతి లేకుండా తీయొద్దు. అనుమతి కాగితం తెలుగులో ఉండాలి, చదువుకోసం, వైద్యం కోసం, బయట చూపడం కోసం అని మూడు వేరు వేరు గళ్ళు. ముఖం ఒక్కటి కప్పితే చాలదు. మన వాళ్ళకి ముంజేతుల మీద పేర్ల పచ్చబొట్లు ఉంటాయి, మెడలో తాళి, లాకెట్ ఉంటాయి, ఓపీ చీటీ పక్కనే పడి ఉంటుంది. 2023లో వ్యక్తిగత డేటా చట్టం కూడా వచ్చింది. సొంత ఫోన్ కాకుండా డిపార్ట్‌మెంట్ కెమెరా అయితే మంచిది. తీసేటప్పుడు దూరం నుంచి ఒకటి, దగ్గరగా స్కేలు పెట్టి ఒకటి, ఫ్లాష్ లేకుండా కిటికీ వెలుతురులో. దూరం ఫొటో లేకపోతే ఎక్కడెక్కడ పరుచుకుందో తెలియదు, ఇంక అది చదువుకి కొరగాదు.

పెన్నా_ఒడ్డు
కిటికీ దగ్గర తెర, స్టూలు, భూతద్దం, గాజు స్లైడ్లు, టార్చి, దూది ఒక ట్రేలో పెట్టించా. సీనియర్ పీజీకి ఎంచుకునే పని చెప్పా. పదిసెకన్ల కాగితాలు కోయిస్తా ఉండా. ఒక్క అనుమానం: బయాప్సీ నేర్పేది దేని మీద? పేషెంటు మీద మొదటి పంచ్ (గుండ్రటి బ్లేడుతో చర్మం ముక్క తీయడం) చేయించడానికి మనసొప్పట్లేదు.

స్లైడ్_స్టెయిన్
చర్మంతో ఉన్న చికెన్ లెగ్ పీసు. స్కిన్‌లెస్ తేవొద్దు, షాపతనికి ముందే చెప్పండి. 4 మిల్లీమీటర్ల పంచ్, చర్మపు గీతలకి అడ్డంగా రెండు పక్కలకీ లాగి పట్టి, ఒకేవైపు తిప్పుతూ దించాలి. అటూ ఇటూ తిప్పితే ముక్క చిరుగుతుంది. ముక్కని ఫోర్సెప్స్‌తో పిసకకుండా సూది కొనతో లేపి, కింద కొవ్వు దగ్గర కత్తిరించాలి. పిసికిన ముక్క నా దగ్గరికి వస్తే కణాలన్నీ గీతల్లా సాగిపోయి ఉంటాయి, రిపోర్టు రాయడానికి ఏమీ ఉండదు. 10 శాతం ఫార్మలిన్ ముక్కకి పదింతలు తక్కువ కాకుండా ఉండాలి. బొబ్బల జబ్బుల్లో, యాంటీబాడీలు మెరిసేలా చేసి చూసే ఇమ్యునోఫ్లోరెసెన్స్‌కి వేరే ముక్క, బొబ్బ పక్కన బాగున్న చర్మం నుంచి, మిషెల్ ద్రవంలో. దాన్ని ఫార్మలిన్‌లో వేస్తే పరీక్ష పోయినట్టే. ఈ రెండు సీసాలూ రంగు మూతలు వేరుగా పెట్టి, లేబుల్ రాయడం నుంచే పీజీతో మొదలుపెట్టించండి.

పెన్నా_ఒడ్డు
@స్లైడ్_స్టెయిన్ ఎర్రమూత ఫార్మలిన్, నీలంమూత మిషెల్ అని రాసి అంటిస్తా. గురువారం మధ్యాహ్నం మైనర్ ఓటీ ఖాళీగా ఉంటుంది, ఆ పూట పెట్టుకుంటాం.